హైదరాబాదా, బెంగళూరా? ఉద్యోగం, అద్దె, సొంతిల్లు లెక్కల్లో ఏ నగరం ఎవరికి సరిపోతుంది

రాయలసీమలోనో, కోస్తాలోనో, తెలంగాణ జిల్లాల్లోనో ఇంజనీరింగ్ పూర్తిచేసి, నాలుగైదేళ్ల అనుభవం గడించినవారి చేతిలో ఒకేసారి రెండు ఆఫర్ లెటర్లు ఉండటం ఇప్పుడు వింత కాదు. ఒకటి హైదరాబాద్ నుంచి, రెండోది బెంగళూరు నుంచి. బెంగళూరులో జీతం కొంచెం ఎక్కువ, హైదరాబాద్‌లో ఖర్చు బాగా తక్కువ అన్న ఒక్క మాట మీద చాలామంది నిర్ణయం తీసేసుకుంటారు. ఆ మాటలో సగం ఇప్పటికీ నిజమే. మిగతా సగం పదేళ్ల కిందటి నిజం.

రెండు నగరాలనూ పక్కపక్కన నిలబెట్టి ఏది గొప్పదో తేల్చినందువల్ల ఇల్లు మారబోయే కుటుంబానికి ఒరిగేదేమీ లేదు. అద్దెకు ఉండేవారికి ఒక జవాబు వస్తుంది, ఇల్లు కొనేవారికి మరొకటి, పిల్లలు హైస్కూలుకు వచ్చినవారికి ఇంకొకటి. నా అభిప్రాయం ముందే చెబుతాను. అద్దెకు ఉన్నంతకాలం హైదరాబాద్‌దే పైచేయి. ఉద్యోగాలు మారుతూ ఎదగాలనుకునేవారికి, ముఖ్యంగా స్టార్టప్‌ల వైపు చూసేవారికి బెంగళూరుకు సాటి వచ్చే నగరం దేశంలో మరొకటి లేదు. సొంతిల్లు విషయంలో మాత్రం హైదరాబాద్ చవక అన్న నమ్మకంతో అడ్వాన్సు కట్టడం పొరపాటు.

ఎదుగుదలలో వేగం వేరు, లోతు వేరు

బెంగళూరు సాఫ్ట్‌వేర్‌తో పుట్టిన నగరం కాదు. 1909లో టాటాల చొరవతో వెలసిన భారతీయ విజ్ఞాన సంస్థ, 1940లో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే ఐటీఐ, ఆ తర్వాత హెచ్‌ఎంటీ, బీఈఎల్, ఇస్రో, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చిన సంస్థలు అక్కడ మూడు నాలుగు తరాల ఇంజనీర్లను తయారుచేశాయి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన డిజైన్ కేంద్రానికి ఆ ఊరినే ఎంచుకోవడానికి ఆ నిపుణులే కారణం. అలా వచ్చిన కంపెనీల్లో పనిచేసినవారు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు, వాటిలో ఎదిగినవారు ఇంకొన్ని పెట్టారు, వారికి పెట్టుబడి పెట్టేవారూ అక్కడే స్థిరపడ్డారు. ఫ్లిప్‌కార్ట్, జెరోధా, స్విగ్గీ, రేజర్‌పే ఒకే ఊళ్లో పెరగడం యాదృచ్ఛికం కాదు.

హైదరాబాద్‌కూ ఇలాంటి పునాదే ఉంది, కాకపోతే అది మందుల వైపు, రక్షణ రంగం వైపు మొగ్గింది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారే తర్వాత బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పరిశ్రమను నిలబెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కె. అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, మిధాని, డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఆ కాలం నుంచీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం మొదలైంది కూడా ఆ ఏడాదే.

ఆలస్యంగా వచ్చినా పెరిగిన తీరు అసాధారణం. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో ఐటీ ఎగుమతులు రూ. 57,258 కోట్లు, ఆ రంగంలో ఉద్యోగులు సుమారు 3.23 లక్షలు. 2022-23 నాటికి ఎగుమతులు రూ. 2,41,275 కోట్లకు, ఉద్యోగులు 9.05 లక్షలకు చేరారు. ఎగుమతుల అంకెను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ పదేళ్లలో డాలరు విలువ 60 రూపాయల దగ్గర నుంచి 80 రూపాయలు దాటింది కనుక, ఆ పెరుగుదలలో కొంత రూపాయి పడిపోయినందువల్ల కనిపిస్తున్నదే. ఉద్యోగుల సంఖ్యకు ఆ చిక్కు లేదు. అది దాదాపు మూడు రెట్లు కావడమే అసలైన కొలమానం.

పరిమాణం దగ్గరకు వస్తే బెంగళూరు ఇంకా చాలా ముందుంది. విదేశీ కంపెనీలు తమ సొంత పని కోసం ఇక్కడ పెట్టుకునే జీసీసీలు 2024 నాటికి బెంగళూరులో ఎనిమిది వందల పైచిలుకు, హైదరాబాద్‌లో మూడు వందల యాభై పైచిలుకు ఉన్నట్లు పరిశ్రమ నివేదికలు లెక్కగట్టాయి. ఉద్యోగి దృష్టితో చూస్తే ఈ తేడాకు అర్థం ఒకటే. ఇవాళ ఉన్న ఉద్యోగం పోతే, పిల్లల బడి మార్చకుండా, ఇల్లు ఖాళీ చేయకుండా, అదే పనికి పిలిచే మరో పది కంపెనీలు ఊళ్లో ఉన్నాయా? క్లౌడ్, బ్యాంకింగ్ టెక్నాలజీ, చిప్ డిజైన్ వంటి రంగాల్లో హైదరాబాద్‌లోనూ ఇప్పుడు ఉన్నాయనే చెప్పాలి. ప్రోడక్ట్ మేనేజర్లకు, తొలిదశ స్టార్టప్‌లలో షేర్ల మీద ఆశతో చేరదలచినవారికి ఆ సంఖ్య హైదరాబాద్‌లో బాగా తగ్గిపోతుంది. ఫార్మా, వ్యాక్సిన్లు, క్లినికల్ పరిశోధన రంగాలవారికి అసలు పోలికే అక్కర్లేదు, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ ఉన్న ఊరే వారి ఊరు.

నగరం మొత్తం లెక్క ఒక మనిషికి పనికిరాదు కాబట్టి ఒక చిన్న పరీక్ష చేసుకోవడం మంచిది. ఉద్యోగాల సైట్లలో మీ హోదా, మీ ప్రధాన నైపుణ్యం, మీ అనుభవం పెట్టి రెండు నగరాల్లోనూ వెతకండి. ఎన్ని ఖాళీలున్నాయన్నది చూడకండి, ఎన్ని వేర్వేరు కంపెనీలు పిలుస్తున్నాయో లెక్కపెట్టండి. ఒకే కన్సల్టెన్సీ ఒకే ఉద్యోగాన్ని పదిసార్లు పెట్టడం మామూలు. రెండు ఊళ్ల సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉంటే ఈ విషయంలో మీకు బెంగళూరు అదనంగా ఇచ్చేది లేదు.

ఆఫీసులు ఊళ్లో ఎక్కడున్నాయన్నది

జీతం, అద్దె అందరూ లెక్కవేస్తారు కానీ దీన్ని వదిలేస్తారు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాల్లో అత్యధిక భాగం మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా కోకాపేట దాకా పడమటి వైపునే ఉన్నాయి. బెంగళూరులో దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీ, తూర్పున వైట్‌ఫీల్డ్, ఆగ్నేయం నుంచి ఈశాన్యం దాకా ఔటర్ రింగ్ రోడ్డు, ఉత్తరాన మాన్యతా టెక్ పార్క్, ఇలా నాలుగు దిక్కులకూ చెదిరి ఉన్నాయి.

దీనివల్ల హైదరాబాద్‌లో కొండాపూర్‌లోనో మణికొండలోనో ఇల్లు తీసుకున్న కుటుంబం నాలుగు కంపెనీలు మారినా అదే ఇంట్లో ఉండగలదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇద్దరి ఆఫీసులూ పది పన్నెండు కిలోమీటర్ల లోపలే ఉండే అవకాశం ఎక్కువ. బెంగళూరులో ఒకరికి ఎలక్ట్రానిక్ సిటీలో, మరొకరికి మాన్యతాలో ఉద్యోగం వస్తే ఆ రెండింటి మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల పైమాటే, ఎక్కడ ఇల్లు తీసుకున్నా ఒకరికి శిక్షే. దంపతులిద్దరూ పనిచేసే ఇళ్లకు ఈ ఒక్క కారణంతోనే నేను హైదరాబాద్ వైపు మొగ్గుతాను.

ట్రాఫిక్ సంగతి జనం చెప్పుకునే దానికీ కొలతలకూ కొంత తేడా ఉంది. టామ్‌టామ్ సంస్థ 2024 సూచీలో బెంగళూరులో పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. హైదరాబాద్‌లో అంతకంటే రెండు మూడు నిమిషాలే తక్కువ. హైదరాబాద్‌లో ప్రయాణం తేలిక అన్న భావనకు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఒక కారణమైతే, ఇల్లూ ఆఫీసూ ఒకే వైపు ఉండటం అంతకంటే పెద్ద కారణం. తూర్పు వైపున ఎల్బీ నగర్‌లోనో, ఉప్పల్‌లోనో సొంతిల్లు ఉండి రోజూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి వచ్చేవారిని అడిగితే ఆ తేలిక ఎవరి సొత్తో చెబుతారు.

మెట్రో విషయంలో బెంగళూరు ఇప్పటికే ముందుకు వెళ్లిపోయింది. 2023 అక్టోబరులో పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ వరకూ పూర్తిగా తెరుచుకుంది. 2025 ఆగస్టులో ఎల్లో లైను ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర చేరింది. హైదరాబాద్ మెట్రో తొలి దశ సుమారు 69 కిలోమీటర్ల దగ్గరే ఆగి ఉంది, పడమటి చివర రాయదుర్గం దాటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లదు. కారు లేకుండా బతకాలనుకునే ఒంటరి ఉద్యోగికి వైట్‌ఫీల్డ్‌లో మెట్రో స్టేషన్ దగ్గరి ఇల్లు నానక్‌రామ్‌గూడలోని ఇంటికంటే నిజంగానే సుఖం.

అద్దె, అడ్వాన్సు, నీళ్లు

అద్దెను నెలసరి అంకెగా మాత్రమే చూడటం వల్ల బెంగళూరు ఖర్చు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అక్కడ ఒకప్పుడు పది నెలల అద్దె డిపాజిట్‌గా అడిగేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్సు ఆనవాయితీ. ఒక లెక్క వేసి చూద్దాం. ఒకే తరహా గేటెడ్ కమ్యూనిటీలో రెండు పడకగదుల ఫ్లాటు హైదరాబాద్‌లో 35 వేలు, బెంగళూరులో 42 వేలు అనుకుందాం. హైదరాబాద్‌లో చేతి నుంచి వెళ్లే అడ్వాన్సు 70 వేలు. బెంగళూరులో ఆరు నెలల డిపాజిట్ రూ. 2.52 లక్షలు. తేడా రూ. 1.82 లక్షల మీద ఏడు శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి దాదాపు 12,700, అంటే నెలకు వెయ్యి రూపాయల పైన. నెలసరి అద్దెలో తేడా ఏడు వేలు దీనికి కలిస్తే నెలకు ఎనిమిది వేలు దాటుతుంది, సంవత్సరానికి 97 వేలవుతుంది. అది పన్ను కట్టాక చేతికి వచ్చిన డబ్బులోంచి పోయేది కాబట్టి, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి బెంగళూరు ఆఫర్ కనీసం 1.4 లక్షలు ఎక్కువ ఉంటేనే అద్దె దగ్గర రెండూ సమానమవుతాయి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఈ లెక్కలో హైదరాబాద్‌కు ఎదురు వచ్చే పద్దు ఒకటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు, ఏసీ లేకుండా వేసవి గడిపే ఇళ్లు అక్కడ ఇప్పటికీ చాలానే ఉన్నాయి. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ రెండో వారం దాకా ఏసీ బిల్లు ఇంటి బడ్జెట్‌లో కనబడే ఖర్చు. పసిపిల్లలో, వయసు మళ్లిన తల్లిదండ్రులో ఇంట్లో ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది.

బెంగళూరులో తెలుగువారిని తరచూ ఆకర్షించే మరో ఏర్పాటు లీజు. పదిహేను, ఇరవై లక్షలు ఒకేసారి ఇస్తే రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండనిచ్చి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి ఇస్తారు. ఇంటి యజమానికి ఆ ఇంటిమీద బ్యాంకు అప్పు ఉండి, అతను వాయిదాలు కట్టకపోతే లీజుదారు పరిస్థితి అగమ్యగోచరమవుతుంది. ఇంటి మీద తాకట్టు లేదని ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో చూసుకుని, లీజు పత్రాన్ని రిజిస్టర్ చేయించుకోగలిగితేనే అది ఆలోచించదగ్గ మార్గం. మధ్యవర్తి సంస్థ డబ్బు తీసుకుని యజమానికి నెలనెలా అద్దె కడతానంటే దూరంగా ఉండటమే క్షేమం. పెయింటింగ్ పేరుతో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె కోసుకోవడం రెండు నగరాల్లోనూ ఉంది. అది ఎంతో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి.

నీటి గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. బెంగళూరుకు పెద్ద నది లేదు. కావేరి నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దారిలో వందల మీటర్ల ఎత్తుకు పంపులతో తోడి తెచ్చుకుంటుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లకు జిల్లా యంత్రాంగం ధరలు నిర్ణయించాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా వచ్చే ఏర్పాటు జరిగింది, అది ముఖ్యంగా చాలాకాలం కావేరి నీరు అందని శివారు గ్రామాల కోసం. హైదరాబాద్ కూడా దూరపు నీటి మీద బతికే ఊరే. 1920లలో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కాలం పోయి, ఇప్పుడు ప్రధానంగా నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి, మంజీరా నీళ్లు తాగుతోంది. రెండు నదుల ఆధారం ఉండటం, గృహాలకు నెలకు 20 వేల లీటర్ల వరకూ ఉచితంగా ఇచ్చే పథకం ఉండటం హైదరాబాద్‌కు కలిసొచ్చే అంశాలు. అయినా మణికొండ, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఏప్రిల్ నెల వస్తే ట్యాంకర్ల వరుస తప్పడం లేదు.

కాబట్టి నగరాన్ని బట్టి కాకుండా భవనాన్ని బట్టి నీళ్లను అంచనా వేయాలి. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు హాలు, వంటగది చూసి వచ్చేయకుండా, అసోసియేషన్ ఆఫీసులో కిందటి ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లు అడగండి. అందులో నీటి పద్దు జనవరి బిల్లుతో పోలిస్తే ఎంత పెరిగిందో చూడండి. యూనిట్ లెక్కన మీటరు వేసి వసూలు చేస్తున్నారా, చదరపు అడుగుల లెక్కన అందరికీ పంచుతున్నారా అన్నదీ అక్కడే తెలుస్తుంది. వాచ్‌మన్‌ను అడిగితే రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో, రాత్రి ఎన్నింటికి వస్తాయో చెబుతాడు. ఇరవై నిమిషాల ఈ పని ఏడాది పొడవునా ఉపయోగపడుతుంది.

సొంతిల్లు: ఎక్కడ లెక్క తప్పుతోంది

స్థిరాస్తి సలహా సంస్థ నైట్ ఫ్రాంక్ ఏటా వెలువరించే స్థోమత సూచీ ఒకటుంది. ఆ నగరంలో సగటు కుటుంబ ఆదాయంలో ఎంత భాగం ఇంటి వాయిదాకు పోతుందో అది చెబుతుంది. 2023లో ముంబై 51 శాతంతో మొదటి స్థానంలో ఉండగా, రెండో స్థానంలో ఉన్నది బెంగళూరు కాదు, హైదరాబాద్. హైదరాబాద్‌లో 30 శాతం, బెంగళూరులో 26 శాతం. హైదరాబాద్ చవక అని అలవాటుగా అనేవారికి ఇది మింగుడుపడని అంకె.

కారణాలు వెతికితే అర్థం కాని సంగతేమీ కాదు. 2006లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల తర్వాత హైదరాబాద్‌లో ఒక స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న దానిపై నేరుగా పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీని బట్టి అంతస్తులు పెరుగుతూ పోతాయి. దీనివల్ల ఇళ్ల సంఖ్య పెరిగి ధరలు అదుపులో ఉండాలి, చాలాకాలం అలాగే ఉన్నాయి కూడా. కానీ పడమటి వైపు బిల్డర్లు పెద్ద ఫ్లాట్ల మీదే మనసు పెట్టారు. ప్రధాన నగరాల్లో కొత్త ఫ్లాట్ల సగటు విస్తీర్ణం హైదరాబాద్‌లోనే ఎక్కువ. చదరపు అడుగు ధర బెంగళూరు కంటే తక్కువ ఉన్నా, 1,200 చదరపు అడుగుల ఇల్లు దొరకక 2,000 చదరపు అడుగులది కొనాల్సి వస్తే మొత్తం ధర ఎక్కువే అవుతుంది. దీనికి తోడు ప్రభుత్వ భూముల వేలం. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం రూ. 100.75 కోట్లు పలికింది. ఆ ఎకరంలో ఐదు లక్షల చదరపు అడుగులు కట్టారనుకున్నా, ఒక్క భూమి ఖర్చే చదరపు అడుగుకు రెండు వేలు దాటుతుంది. పక్కన ఉన్న ప్రైవేటు భూముల యజమానులూ ఆ ధరనే చూపించి అడుగుతారు.

ఎత్తైన టవర్లలో కొనేవారు తమ వాటాకు వచ్చే భూమిని చూసుకోవడం లేదని నాకు బాధగా ఉంటుంది. 500 గజాల స్థలంలో పది ఫ్లాట్ల పాత తరహా అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటుకు 50 గజాల అవిభాజ్య వాటా వస్తుంది. ఎకరం అంటే 4,840 గజాలు, అందులో 200 ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి వచ్చేది 24 గజాలు. ముప్పై ఏళ్ల తర్వాత భవనం విలువ తరిగిపోయి మిగిలేది ఆ గజాలే. అందువల్ల ఇరవై ఏళ్ల అప్పుతో కొనేవారు సేల్ అగ్రిమెంటులో యూడీఎస్ (ఈ అవిభాజ్య వాటా) ఎన్ని గజాలన్నది మొదట చదవాలి, క్లబ్‌హౌస్ ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ ఖర్చులో ఇప్పుడు పెద్ద తేడా లేదు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం, దానిమీద సెస్సు, సర్‌చార్జి, 2025 ఆగస్టు చివర్లో ఒక శాతం నుంచి రెండు శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే నగరంలో సుమారు 7.6 శాతం. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు సాధారణంగా 5 శాతం జీఎస్టీ రెండు చోట్లా ఒకటే, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చాక కొంటే ఆ పన్ను ఉండదు.

చట్టపరమైన ప్రమాదాలు మాత్రం ఊరికొక రకంగా ఉన్నాయి. హైదరాబాద్‌లో పెద్ద ఉచ్చు ప్రీలాంచ్. అనుమతులు రాకముందే, మొత్తం డబ్బు ముందే కడితే సగం ధరకు ఇస్తామంటారు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఆ రెండు వాక్యాలు గుర్తున్నవారిని ఎవరూ మోసం చేయలేరు. రెండో ప్రమాదం చెరువులు. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటిమట్టం), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్లలోని కట్టడాల కూల్చివేతలు అందరూ చూశారు. స్థానిక సంస్థ అనుమతి ఉన్నంత మాత్రాన సరిపోదు, సర్వే నంబరు చెరువు హద్దుల్లో ఉందో లేదో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పటాల్లో సరిచూసుకోవాలి. బెంగళూరులో మొదట అడగాల్సింది ఖాతా, అంటే నగరపాలక రికార్డుల్లో ఆస్తి నమోదు. ‘ఏ’ ఖాతా (ఎ-ఖాతా) ఉంటే బ్యాంకు అప్పు, ప్లాను అనుమతి సాఫీగా సాగుతాయి. ‘బీ’ ఖాతా అంటే ప్రాథమికంగా పన్ను వసూలు కోసం నమోదైన ఆస్తి. ధర తక్కువగా ఉండటానికి కారణం అదే. ఇప్పుడు రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా అడుగుతున్నారు కనుక అమ్మేవారి పేరు మీద అది సిద్ధంగా ఉందో లేదో ముందే చూడాలి. రాజకాలువల (వాన నీటి పెద్ద కాలువల) పక్కన ఉన్న లేఅవుట్లు ఎంత అందంగా ఉన్నా వద్దు.

కొనడమా, అద్దెకు ఉండటమా అన్నది తేల్చుకోవడానికి ఒక కొలత చాలు. ఏడాది అద్దెను ఇంటి మొత్తం ధరతో భాగించండి. 1.2 కోట్ల ఫ్లాటుకు నెలకు 30 వేల అద్దె వస్తే అది మూడు శాతం. అదే ఫ్లాటుకు 20 శాతం చేతి నుంచి పెట్టి, మిగతా 96 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తెస్తే నెల వాయిదా 83 వేలు. నాలుగేళ్లలోపు ఉద్యోగం వల్ల ఊరు మారే అవకాశం ఏమాత్రం ఉన్నా మూడు శాతం దగ్గర కొనవద్దనే నేను చెబుతాను, అది ఏ నగరమైనా సరే. నాలుగు శాతం దాటి, ఊళ్లో స్థిరపడటం ఖాయమైతే ఆలోచించవచ్చు. ప్రాంతీయ రింగ్ రోడ్డు వస్తుందనో, సబర్బన్ రైలు వస్తుందనో చెప్పే ధరకు ఈ లెక్కలో చోటు లేదు. అవి వచ్చాకే వాటి విలువ.

పిల్లల చదువు, సొంతూరు

బెంగళూరుకు కుటుంబంతో వెళ్లే తెలుగువారు చాలామంది ఆలస్యంగా తెలుసుకునే సంగతి స్థానికత. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, మెడికల్ వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్ లేదా పన్నెండో తరగతి వరకూ వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్నది ప్రధాన నియమం. తెలంగాణ మెడికల్ సీట్లకు సంబంధించి ఈ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కర్ణాటకలో రాష్ట్ర కోటాకు అర్హత రావాలంటే ప్రధాన నియమం ప్రకారం అక్కడ కనీసం ఏడేళ్లు చదవాలి. ఎనిమిదో తరగతిలో బెంగళూరు వెళ్లిన పిల్లవాడు పన్నెండు పూర్తయ్యేసరికి అక్కడ ఐదేళ్లే చదివి ఉంటాడు. ఇక్కడి స్థానికత పోతుంది, అక్కడిది రాదు. రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని మినహాయింపులున్నాయి కాబట్టి ఆ ఏటి అడ్మిషన్ బ్రోచర్ చదివి నిర్ధారించుకోవాలి. ఐఐటీలకు దీనితో సంబంధం లేదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రంవారికి కేటాయించినా, అక్కడ చూసేది పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే కాబట్టి, వరంగల్ పోయినా కర్ణాటకలోని సూరత్కల్ మిగులుతుంది. పిల్లలు ఏడో తరగతి దాటి ఉంటే బెంగళూరు ఆఫర్‌ను ఈ కోణంలో చూడకుండా ఒప్పుకోవద్దు. చిన్నపిల్లలైతే ఈ చిక్కు లేదు. బడిలో కన్నడం ఒక భాషగా నేర్చుకుంటారు, అది వారికి మేలే. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఇంట్లో మీరే నేర్పాలి.

సొంతూరు దూరం కూడా డబ్బుతో ముడిపడినదే. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు, అనంతపురం నుంచి రెండు వందల పైచిలుకు. అనంతపురం, చిత్తూరు జిల్లాల వారికి వయసు మీదపడిన తల్లిదండ్రులను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బెంగళూరే దగ్గర. కర్నూలు దాటి ఉత్తరానికి వచ్చినా, విజయవాడ, ఖమ్మం, వరంగల్ వైపు వారికైనా హైదరాబాద్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. మధ్యలో ఉన్నవారికి 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ - యశ్వంత్‌పూర్ వందే భారత్ రెండు నగరాలనూ కొంత దగ్గర చేసింది.

ఏ నగరం ఎంచుకున్నా మొదటి ఏడాది అద్దెకే ఉండి, ఆఫీసుకు అరగంట లోపు దూరంలో ఇల్లు చూసుకోవడం మంచిది. కారు తీసుకెళ్లేవారు ఒక విషయం ముందే లెక్కలో వేసుకోవాలి. కర్ణాటక, తెలంగాణ రెండూ జీవితకాల పన్ను గట్టిగా వసూలు చేసే రాష్ట్రాలే. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో వాహనం నడిపితే అక్కడి నంబరు తీసుకుని, వాహనం వయసును బట్టి అక్కడి పన్ను కట్టాలి, పాత రాష్ట్రంలో కట్టిన దానిలో మిగతా భాగం వెనక్కి రాబట్టుకోవడానికి ఆర్‌టీఓ చుట్టూ తిరగాలి. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లేవారికి ఉన్న కారు ఇక్కడే అమ్మేసి వెళ్లడం చాలాసార్లు లాభం.